హారతి వద్దు, వాటా కావాలి

(మన చరిత్ర మనమే చదువుకుందాం – 11వ భాగం)



పోయిన భాగంలో మాతమ్మల గురించి రాసినా. పుత్తూరు, నారాయణవనం, నాగలాపురం పక్క మాదిగవాడల్లో ఆడపిల్లను అమ్మవారికి వదిలే ఆచారం గురించి, దాన్ని ఆపడానికి 1988లో చట్టం వచ్చినా ఇంకా మన మధ్య బతుకుతున్న ఆడవాళ్ల గురించి. అది చదివి తిరుపతి నుంచి ఒక తమ్ముడు ఇన్‌బాక్స్‌లో అడిగినాడు. ఎంఏ హిస్టరీ చదువుతున్నాడు. సెమినార్‌కు పేపర్ రాస్తున్నాడంట. "అన్నా, మన ప్రాచీన కాలంలో ట్రాన్స్‌జెండర్లకు చాలా గౌరవం ఉండేది కదా, బ్రిటిషోళ్లు వచ్చినాకే ఈ ద్వేషం మొదలైంది కదా, మన గంగమ్మ జాతర దానికి సాక్ష్యం అని రాయచ్చా?"

మంచి పిల్లోడు. మంచి మనసుతోనే అడిగినాడు. అందుకే రెండు లైన్లలో జవాబు చెప్పలేక ఈ భాగమంతా రాస్తున్నా. రాసేదాంట్లో నా తప్పు కూడా ఒకటి ఉంది. అది దాచిపెట్టి మనువును మాత్రం తిడితే మోసం చేసినట్టు అవుతుంది.

ముందు జాతర సంగతి చెప్పుకుందాం.

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర తెలియని వాళ్ల కోసం: మే నెలలో వారం రోజులు జరుగుతుంది. చాటింపు వేసినాక ఊళ్లో వాళ్లు పొలిమేర దాటరాదని పెద్దోళ్ల మాట. కొత్త పెళ్లికూతుళ్లను చెరబట్టే పాలెగాణ్ణి వెతకడానికి అమ్మ రోజుకొక వేషం కట్టిందని కథ. అందుకే జనం కూడా వేషాలు కడతారు. బైరాగి వేషానికి తెల్ల సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. దొర వేషంలో పాలెగాడి తల తెగుతుంది. తరవాత మాతంగి, సున్నపుకుండలు, పేరంటాలు. ఈ వారంలో మగవాళ్లు చీర కడతారు, పూలు పెడతారు, గాజులు వేస్తారు, వక్షోజాలు కూడా కట్టుకుంటారు. ఆటో నడిపే ఆయన, బ్యాంకులో పనిచేసే ఆయన, మీసాలున్న రాజకీయ నాయకుడు, అందరూ. మొక్కు. సిగ్గుపడే పని లేదు. ఇంట్లో ఆడవాళ్లే దగ్గరుండి జడ వేస్తారు. ఈ జాతర మీద జాయిస్ ఫ్లూకిగర్ అనే అమెరికా పండితురాలు ఏళ్ల తరబడి పరిశోధించి 2013లో ఒక పుస్తకమే వేసింది.

కొండ మీద కూడా ఇదే ముచ్చట. బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు పొద్దున స్వామి మోహినిగా చీర కట్టుకొని పల్లకీ ఎక్కుతాడు. లక్షలమంది గోవిందా అంటారు. ఆ మాడవీధుల్లో ఒక్కరు కూడా "ఏంది, మగాడు చీర కట్టినాడే" అని నవ్వరు.

చూడండి, తమ్ముడు అడిగినదానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అనిపిస్తుంది కదా. ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్తా వినండి.

నాకు పన్నెండేళ్లప్పుడు మా వాడలో అమ్మవారు పోసింది. నాకూ పోసింది, మా చిన్నాయన చిన్న బిడ్డకూ పోసింది. తగ్గితే పిల్లోళ్లిద్దరికీ చీర కట్టిస్తామని మా అమ్మ, మా చిన్నమ్మ గంగమ్మకు మొక్కుకున్నారు. ఆ మే నెలలో మమ్మల్ని బస్సెక్కించి తిరుపతికి తీసుకొచ్చినారు. మా అమ్మ పెళ్లి చీర నాకు. చిన్నమ్మ పచ్చచీర ఆ బిడ్డకు. నాకు చెమట, దురద. గుడి దగ్గర మొక్కు తీరంగానే చీర పీకి పారేసి నిక్కరు వేసుకున్నా. ఆ బిడ్డ మాత్రం తీయలేదు. బస్సులో తీయలేదు. ఇంటికొచ్చినా తీయలేదు. మూడో రోజు కూడా గాజులు తీయనని ఏడుస్తా ఉంటే మా చిన్నాయన బెల్టు తీసినాడు.

వారం రోజుల పాటు ఊరంతా చేసిన పనే. ఎనిమిదో రోజు చేసినందుకు వీపు చిట్లింది.

అప్పట్లో మేమంతా ఆ బిడ్డను "వాడు" అనే అనేవాళ్లం. నాకు చెల్లెలని తెలుసుకోడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. ఇక మీద చెల్లి అనే రాస్తా. ఆమెను అడిగే రాస్తున్నా. పేరు వేయొద్దంది, వేయను. పదిహేడేళ్లకు ఇల్లు వదిలి పోయింది. బస్టాండ్లలో, రైళ్లలో చప్పట్లు కొట్టి బతికింది. కొజ్జా అన్నారు, మాడా అన్నారు. అన్నోళ్లలో మన వాడ వాళ్లూ ఉన్నారు. జై భీమ్ అని చెయ్యెత్తే వాళ్లూ ఉన్నారు.

కాబట్టి తమ్ముడూ, జాతర ఒక విషయానికి సాక్ష్యమే. ఆడతనం మగ ఒంటి మీదికి రావడం ఈ నేలకు కొత్త కాదు, అమెరికా నుంచి దిగుమతి కాలేదు. అంతవరకు రాయి, గట్టిగా రాయి. కానీ గౌరవం అన్నావే, అక్కడ ఆగు. జాతరలో గౌరవం వేషానికి. వేషం అంటే ఇప్పేసేది. ఇప్పేస్తానన్న హామీ మీదనే ఆ హారతి.

మన వాళ్లకు ఇది అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుంది? మాతంగి వేషమే తీసుకోండి. మాతంగి మన ఆడబిడ్డ, మాదిగ ఆడబిడ్డ. అమ్మవారు పూనిన మాతంగి అగ్రకులాల వాళ్ల మీద ఉమ్మినా అది పుణ్యమే అని వందేళ్ల కిందటి మిషనరీలూ తెల్ల అధికారులూ రాసిపెట్టినారు. ఆ రోజుకు ఆమె దేవత. తెల్లారితే మళ్లీ ఊరి బయట. తిరుపతి జాతరలో గుడి తరఫున ముఖ్యమైన వేషాలు కట్టడం కైకాల కుటుంబాల మిరాశీ. అంటే మాతంగి రూపానికి పూజ ఉంది, తోటి వేషానికి మొక్కు ఉంది. తోటి పని చేసే మనిషికి మాత్రం ఏముందో మీకే తెలుసు. రూపాన్ని నెత్తిన పెట్టుకొని మనిషిని గడప బయట నిలబెట్టే విద్య ఈ దేశానికి బాగా వచ్చు. మన మీద నేర్చుకున్న విద్యనే హిజ్రాల మీద కూడా వాడింది.

ఇప్పుడు పుస్తకాల్లోకి పోదాం. పురాణాల్లో ట్రాన్స్‌జెండర్లు ఉన్నారు అని చెప్పేటప్పుడు మనవాళ్లు ఎప్పుడూ నాలుగు పేర్లు చెప్తారు. బృహన్నల, శిఖండి, అరవాన్, రాముడి వరం. ఒక్కొక్కటి చూడండి.

బృహన్నల ఎవరు? అర్జునుడు. అజ్ఞాతవాసంలో ఒక ఏడాది దాక్కోడానికి దొరికిన రూపం. ఏడాది కాగానే గాండీవం తీసుకున్నాడు. అది కూడా వేషమే. శిఖండి పుట్టుకతో ఆడది, తరవాత మగవాడైంది అని భీష్ముడు బాణం వేయనన్నాడు. ఆ మాట పట్టుకొని పాండవులు శిఖండిని అడ్డం పెట్టుకొని ముసలాయన్ను పడగొట్టినారు. శిఖండి పనికొచ్చింది అడ్డంగా. ఈ రోజుకూ తెలుగులో శిఖండి అంటే తిట్టే కదా?

అరవాన్ కథ మనకు పక్కనే. తమిళనాడులో కళ్లకురిచి జిల్లా కూవాగంలో చిత్రా పౌర్ణమికి ట్రాన్స్ మహిళలు వేలమంది చేరతారు. అరవాన్‌కు పెళ్లాలుగా తాళి కట్టించుకుంటారు. తెల్లారితే తాళి తెంచుకొని విధవలై ఏడుస్తారు. మన చిత్తూరు నుంచి కూడా పోతారు. ఆ ఒక్క రాత్రి వాళ్లకు ఎంత విలువైందో నేను వాళ్ల నోటనే విన్నా, దాన్ని తక్కువ చేయను. కానీ పురాణం వాళ్లకు ఇచ్చింది ఎంత? ఒక్క రాత్రి సంసారం.

ఇక రాముడి వరం. అడవికి పోతా "ఆడవాళ్లూ మగవాళ్లూ వెనక్కి పొండి" అన్నాడంట. ఆ రెండూ కాని వాళ్లు అక్కడే పద్నాలుగేళ్లు నిలబడినారంట. మెచ్చుకొని మీ దీవెన ఫలిస్తుందని వరమిచ్చినాడంట. ఇది వాల్మీకిలో లేదు, జనం నోట ఉంది. సరే అనుకుందాం. పద్నాలుగేళ్లు ఏటి గట్టున నిలబడితే దక్కిందేంది? వేరేవాళ్ల ఇంట్లో బిడ్డ పుడితే దీవించే హక్కు. అయోధ్యలో ఒక ఇల్లు కాదు. ఒక సెంటు భూమి కాదు.

ఇప్పుడు పురాణం పక్కన పెట్టి, చట్టంలాగా చలామణీ అయిన పుస్తకం తెరుద్దాం. మనుస్మృతి మూడో అధ్యాయంలో శ్రాద్ధ భోజనాల దగ్గర ఒక జాబితా ఉంది. బ్రాహ్మణులు తింటా ఉంటే వాళ్ల వైపు చూడకూడని వాళ్ల జాబితా. అందులో ఎవరున్నారు? చండాలుడు. పంది. కోడి. కుక్క. ముట్టులో ఉన్న ఆడది. నపుంసకుడు.

ఇంకోసారి చదవండి. మనమూ, ముట్టు ఆడవాళ్లూ, హిజ్రాలూ, మధ్యలో పందీ కోడీ కుక్కా. ఒకే శ్లోకంలో, ఒకే వరసలో. మన మీటింగుల్లో కొంతమంది పెద్దలు అడుగుతుంటారు, "దళిత ఉద్యమానికి ఈ హిజ్రాల గొడవ ఎందుకు, మన సమస్యలు మనకు చాలవా" అని. అన్నా, మనల్ని ఒక వరసలో నిలబెట్టింది నేను కాదు. ఆ వరస రెండు వేల ఏళ్ల కిందటే రాసిపెట్టినారు. 1927 డిసెంబరు 25న మహాడ్‌లో బాబాసాహెబ్ తగలబెట్టిన పుస్తకంలో ఆ పేజీ కూడా కాలింది.

చదువుకునే పిల్లలకు ఒక జాగ్రత్త చెప్తా. క్లీబ, షండ, పండక, తృతీయ ప్రకృతి లాంటి పాత మాటలు నేటి ట్రాన్స్‌జెండర్ అన్న మాటకు సరిగ్గా సరిపోవు. పిల్లలు పుట్టని వాళ్లను, పుట్టుకతో శరీరం వేరుగా ఉన్నవాళ్లను, వృషణాలు తీసేసినవాళ్లను, ఆడబట్టలు కట్టిన మగవాళ్లను, అందరినీ ఒకే గంపలో వేసిన మాటలవి. కామసూత్రం తృతీయ ప్రకృతిలో ఆడ రూపం, మగ రూపం అని రెండు రకాలు చెప్పి, వాళ్లు ఎట్లా బతుకుతారో రాసింది. అంటే అప్పటికే జనం మధ్య ఉన్నారని తెలుస్తుంది. ఉన్నారు అన్నది వేరు, గౌరవంగా ఉన్నారు అన్నది వేరు. పేపర్లో ఈ రెండింటినీ కలపొద్దు.

అసలు మాట మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో ఉంది. ఆస్తి పంపకాల దగ్గర. క్లీబుడికి, పతితుడికి, పుట్టు గుడ్డికి, చెవిటికి, మూగకు, పిచ్చివాడికి ఆస్తిలో భాగం లేదు. ఆ తరవాతి మాట ఏందంటే, ఆస్తి తీసుకున్నవాళ్లు వీళ్లకు బతికినన్నాళ్లూ తిండీ గుడ్డా పెట్టాలి.

ఈ రెండు మాటలు పక్కపక్కనే ఉండడం గమనించండి. వాటా లేదు, తిండి ఉంది. హక్కు లేదు, జాలి ఉంది. తిండి పెట్టేవాడు ఎప్పుడూ పైనే ఉంటాడు, తినేవాడు ఎప్పుడూ కిందే ఉంటాడు. ఈ ఏర్పాటును ఎవరైనా "ప్రాచీన గౌరవం" అంటే నాకు నవ్వొస్తుంది.

ఇది మనువు ఒక్కడి పని అనుకోకండి. రోమ్ సంగతి వినండి. క్రీ.పూ. 204లో, యుద్ధంలో గెలవడానికి రోమన్లు తూర్పు నుంచి సిబెలె అనే అమ్మవారిని తెప్పించుకున్నారు. నల్లరాయి రూపంలో వచ్చింది. ఆమె పూజారులను గల్లి అంటారు. వాళ్లు వృషణాలు తీసేసుకొని, ఆడబట్టలు కట్టి, జుట్టు పెంచి, డప్పులు తాళాలతో ఊరేగేవాళ్లు. రోమ్ వీధుల్లో జనం నాణేలు, పూలు వేసేవాళ్లు. మన జాతర లాగానే ఉంది కదా. క్రీ.పూ. 77లో ఏమైందంటే, జెనూకియస్ అనే ఒక గల్లికి ఒకాయన ఆస్తి రాసిచ్చినాడు. కేసు పైదాకా పోయింది. కాన్సుల్ మామెర్కస్ లెపిడస్ ఆస్తి దక్కదని తీర్పు చెప్పినాడు. కారణం ఏందంటే, ఇతను మగాడూ కాదు, ఆడదీ కాదు.

మనువు దేశం వేరు, రోమ్ దేశం వేరు. భాష వేరు, దేవత వేరు. తలుపు మూసింది మాత్రం ఒకే చోట, ఆస్తి దగ్గర. వీధిలో పూలు వేసిన చేత్తోనే కోర్టులో గెంటేసినారు. అందుకే నేను చెప్పేది: ప్రాచీన ప్రపంచంలో ఎవరికి ఎంత మర్యాద ఉందో తెలుసుకోవాలంటే ఊరేగింపు చూడొద్దు, పంపకం చూడు.

బుద్ధుడి సంగతి ఏంది అని అంబేద్కరైట్ మిత్రులు అడుగుతారు. చెప్తా, రెండు వైపులా చెప్తా. వినయపిటకంలో ఒక సంఘటన ఉంది. ఒక భిక్షువుకు స్త్రీ లక్షణాలు వచ్చినాయి. మిగతా వాళ్లు బుద్ధుణ్ణి అడిగితే ఆయన శిక్ష వేయలేదు, సంఘం నుంచి పొమ్మనలేదు. భిక్షుణుల దగ్గర ఉండమన్నాడు. అదే గురువు, అదే దీక్ష, అదే సీనియారిటీ లెక్కలోకి వస్తుందన్నాడు. భిక్షుణికి పురుష లక్షణాలు వస్తే కూడా అంతే. నేను చదివిన పాత పుస్తకాల్లో నాకు బాగా నచ్చింది ఇదే. ఎందుకంటే ఇక్కడ మనిషి మారినా సర్వీసు పోలేదు. నేటి భాషలో చెప్పాలంటే జెండర్ మారినందుకు సర్టిఫికెట్లు చెల్లకుండా పోలేదు. మన ట్రాన్స్ పిల్లలు పదో తరగతి మార్క్‌షీట్‌లో పేరు మార్పించుకోడానికి ఎన్ని ఆఫీసులు తిరుగుతున్నారో తెలిసినవాళ్లకు ఈ మాట విలువ తెలుస్తుంది.

కానీ అదే వినయంలో పండకులకు దీక్ష ఇవ్వకూడదనే నియమం కూడా ఉంది. ధమ్మపద అట్టకథలో సోరెయ్యుడి కథ ఉంది. మహాకచ్చాయన భిక్షువును చూసి చెడు తలంపు తలచి ఆడదైపోయినాడు. తక్షశిలకు పోయి పెళ్లి చేసుకొని ఇద్దరు బిడ్డలను కన్నాడు. అంతకుముందు తండ్రిగా ఇద్దరు, ఇప్పుడు తల్లిగా ఇద్దరు. ఎవరి మీద ప్రేమ ఎక్కువ అని జనం అడిగితే, తల్లిగా కన్నవాళ్ల మీద అన్నాడు. ఎంత మంచి కథ! కానీ ఆ కథలో కూడా ఆడదవడం ఒక పాపానికి ఫలితం లాగానే చెప్పినారు. బుద్ధుడు మనవాడని ఈ సంగతి దాచిపెడితే, మనువును వెనకేసుకొచ్చే వాళ్లకూ మనకూ తేడా ఏముంది?

ఇక బ్రిటిషోళ్లు. వాళ్లను నేను వదిలిపెట్టను. 1871 నేరస్థ తెగల చట్టంలో ఒక భాగం అచ్చంగా హిజ్రాల మీదనే. ఉత్తరాదిన వాళ్లను రిజిస్టర్ చేసినారు, ఆడబట్టలు కడితే జైలన్నారు. ఆ చట్టం కొత్త రూపంలో మద్రాసు రాష్ట్రానికి వచ్చి మన ఎరుకల వాళ్ల మీద పడింది. చూడండి, మళ్లీ ఒకే వరస. హైదరాబాదులో నిజాం ప్రభుత్వం కూడా 1329 ఫస్లీలో, అంటే 1919 ప్రాంతంలో, ఇట్లాంటిదే ఒక చట్టం చేసింది. వీధిలో ఆడబట్టలతో కనిపిస్తే వారంట్ లేకుండా పట్టుకోవచ్చు. స్వాతంత్ర్యం వచ్చినా, రాష్ట్రం రెండు ముక్కలైనా ఆ చట్టం పుస్తకంలో అట్లనే ఉండిపోయింది. వైజయంతి వసంత మొగ్లి లాంటి ట్రాన్స్ కార్యకర్తలు కోర్టుకు పోతే 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. కాబట్టి తెల్లోడు నేరస్థులని ముద్ర వేసినాడు, నిజమే. కానీ వాటా లేదని రాసింది తెల్లోడు కాదు. ఇంటి గడప దగ్గర నిలబెట్టింది తెల్లోడు కాదు. తప్పంతా సముద్రం అవతలికి తోసేస్తే ఇంట్లో ఉన్నోళ్లం చేతులు కడుక్కోవచ్చు, అంతే.

మరి మనకు ఆధారం ఏంది? పురాణం కాదు. రాజ్యాంగం. 2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తమ జెండర్ ఏదో చెప్పుకునే హక్కు ఆ మనిషిదే అంది. వాళ్లను సామాజికంగా, విద్యాపరంగా వెనకబడిన వాళ్లుగా చూసి చదువులో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఇవ్వమంది. ఆ తీర్పులో కూడా రాముడు, అరవాన్ వస్తారు. నేను దాన్ని తప్పుపట్టను. కానీ వాళ్లు లేకపోయినా ఆ తీర్పు నిలబడుతుంది. 14, 15, 16, 19, 21 అధికరణాలు తీసేస్తే మాత్రం నిలబడదు. హక్కు ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తుపెట్టుకోడానికి ఇదే పద్ధతి: ఏది తీసేస్తే కూలిపోతుందో అదే పునాది.

తీర్పు వచ్చినాక ఏం జరిగింది? పింఛను వచ్చింది. మంచిదే, వద్దనను. నా చెల్లి కూడా తీసుకుంటుంది. కానీ మనువు రెండు మాటలు మళ్లీ గుర్తుచేసుకోండి. తిండీ గుడ్డా ఇచ్చినారు, వాటా ఇవ్వలేదు. వాటా అంటే ఈ కాలంలో సీటు, ఉద్యోగం, ఇల్లు. పక్కనే కర్ణాటక 2021లో ప్రభుత్వ ఉద్యోగాల్లో ట్రాన్స్‌జెండర్లకు ఒక శాతం ఇచ్చింది. అదీ అడ్డంగా, అంటే ఎస్సీలో ఎస్సీ ట్రాన్స్‌కు, బీసీలో బీసీ ట్రాన్స్‌కు, జనరల్‌లో జనరల్ ట్రాన్స్‌కు. పలమనేరు దాటితే ఉన్న రాష్ట్రం ఇవ్వగలిగినప్పుడు మనకేం అడ్డం?

ఈ "అడ్డంగా" అన్న మాట మన విద్యార్థులు బాగా పట్టుకోవాలి. అందరు ట్రాన్స్‌జెండర్లనూ బీసీ గంపలో వేస్తే, మాదిగ ట్రాన్స్ మహిళ కులం ఏమైపోతుంది? ఆమెను ఇంటి నుంచి తరిమింది జెండర్, అద్దెకు ఇల్లు ఇవ్వనిది జెండర్, కులం రెండూ. 2011 జనాభా లెక్కల్లో "ఇతరులు" అని నమోదైన వాళ్లు దేశంలో 4,87,803 మంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769. దేశం మొత్తంలో వాళ్లలో ఎస్సీలు 78,811 మంది. అంటే ప్రతి ఆరుగురిలో దాదాపు ఒకరు మనవాళ్లు. అది కూడా చెప్పుకోడానికి ధైర్యం చేసినవాళ్ల లెక్కే. తమిళనాడులో గ్రేస్ బాను లాంటి దళిత ట్రాన్స్ నాయకురాలు ఎన్నో ఏళ్లుగా ఈ అడ్డం రిజర్వేషన్ కోసమే కొట్లాడుతోంది. మన రెండు తెలుగు రాష్ట్రాల దళిత సంఘాల డిమాండ్ల పత్రంలో ఈ లైను ఎక్కడుంది? వెతికి చెప్పండి.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తా.

మా చిన్నాయన పోయి కొన్నేళ్లయింది. కబురు తెలిసి చెల్లి వచ్చింది. చీర కట్టుకొనే వచ్చింది. వీధి చివర నిలబడింది. పాడె ముట్టనీయలేదు. మా చిన్నమ్మ ఒక్కతే లేచి పోయి పట్టుకొని ఏడ్చింది. నేను అక్కడే ఉన్నా. మనువు గురించి మైకుల్లో గంటలు గంటలు మాట్లాడే నేను, అరటాకులు తెచ్చే పనేదో ఉన్నట్టు పక్కకు పోయినా.

కర్మకాండ అయినాక చిన్నాయన పేరున ఉన్న ఎకరం డీకేటీ భూమి సంగతి వచ్చింది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో మా చిన్నమ్మ, ఇద్దరు అన్నదమ్ముల పేర్లే రాయించినారు. మూడో బిడ్డ ఉన్నట్టు ఎక్కడా లేదు. సాక్షి సంతకం చేసిన వాళ్లలో నేనొకణ్ణి. చదివే చేసినా.

మిత్రులారా, మనుస్మృతి తొమ్మిదో అధ్యాయాన్ని అమలు చేసింది ఏ అగ్రహారంలోనో కాదు. మా మాదిగవాడలో. నా సంతకంతో.

చట్టం ఏం చెప్తోందో నాకు అప్పుడు తెలియక కాదు. 1956 హిందూ వారసత్వ చట్టంలో 28వ సెక్షన్, రోగం, లోపం, అవకరం ఏదున్నా, చట్టం చెప్పినవి కాక ఇంకే కారణం చేతనైనా వారసత్వం పోదు అంటుంది. మనువు మాటకు అది సూటిగా జవాబు. పైగా కొడుకని రాసినా, కూతురని రాసినా ఇద్దరూ మొదటి వరస వారసులే. ఆడబిడ్డలకు వాటా కావాలని, హిందూ కోడ్ బిల్లు ముందుకు పోకపోయేసరికి 1951లో మంత్రి పదవి వదులుకున్నాడు బాబాసాహెబ్. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా అని కేంద్రం 2005లో చేసిన పనిని మన రాష్ట్రం ఇరవై ఏళ్ల ముందే చేసింది. ఇవన్నీ నేనే క్లాసుల్లో చెప్పినా. తెలిసి కూడా సంతకం పెట్టినా. ఎందుకంటే ఊళ్లో మాట వస్తుందని భయం. ఇంతకన్నా ఇంకేమీ లేదు.

ఈ జాతరకు చెల్లి తిరుపతికి వచ్చింది. ఒక టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. మా ముందు నుంచి చీరలు కట్టిన మగవాళ్లు గుంపులు గుంపులుగా పోతా ఉన్నారు. కొంతమంది ఆమె దగ్గర ఆగి దీవించమని నోటు ఇచ్చినారు. దీవించి పంపింది. నేను సంతకం సంగతి చెప్పినా. అప్పటికే తెలుసంట. కాసేపు ఏం మాట్లాడలేదు. తరవాత అన్నది, "ఆ ముక్క భూమి నేనేం దున్నుతానన్నా? పేరు రాసుంటే సాలు. అమ్మకు ముగ్గురు బిడ్డలని యాడైనా ఒక కాయితంలో ఉంటే సాలు."

సర్టిఫికెట్‌ను సరిచేయమని అర్జీ రాసినా. అందులో, నేను సాక్షిగా పెట్టిన సంతకం తప్పని నా చేత్తోనే రాసినా. తమ్ముళ్లిద్దరితో మాట్లాడినా. పెద్దోడు ఆలోచిస్తామన్నాడు. చిన్నోడు ఫోను పెట్టేసినాడు. ఊళ్లో మాట వచ్చింది కూడా. రానీ. నేను వదిలిపెట్టను. ఏమైందో తరవాతి భాగాల్లో చెప్తా.

కాబట్టి తమ్ముడూ, నీ పేపర్ రాయి. ప్రాచీన ప్రపంచంలో వాళ్లు ఉన్నారని రాయి. జాతర గురించి, గల్లిల గురించి, వినయపిటకం గురించి రాయి. "ఇది కొత్త జబ్బు" అనేవాళ్ల నోరు మూయించడానికి చరిత్ర పనికొస్తుంది. కానీ చివరి పేరాలో ఒక ప్రశ్న వేయి: ఎవరికి హారతి ఇచ్చినారు, ఎవరికి వాటా ఇచ్చినారు? ఆ ప్రశ్న ముందు మనువును నిలబెట్టు, రోమ్‌ను నిలబెట్టు, ప్రభుత్వాన్ని నిలబెట్టు. అట్లనే మన సంఘాలను నిలబెట్టు, మన ఇళ్లను నిలబెట్టు. నన్ను కూడా.

మీ ఇంట్లో, మీ వాడలో పేరు రాయని మూడో బిడ్డ ఎవరైనా ఉన్నారా? కామెంట్లో పేర్లు పెట్టొద్దు. ముందు ఇంటికి పోయి ఆ కాయితం తెరిచి చూడండి.

వచ్చే భాగంలో: ట్రాన్స్ విద్యార్థులకు హాస్టల్ సీటు ఎందుకు దొరకదు, ఏం చేయాలి.

జై భీమ్.